పత్రమా? పనితనమా?

రాజమహేంద్రవరము, కాకినాడ, భీమవరము కళాశాలలనుండి వెలువడు యువకులనేకులు కంప్యూటరు నెట్‌వర్కు పనికి యోగ్యతాపత్రములు సంపాదించుచున్నారు. సిస్కో సంస్థ 1998లో నెలకొల్పిన సి.సి.ఎన్.ఏ. వీనిలో ప్రసిద్ధము. ఆ పరీక్షను మేము నిందింపము. కాని ప్రశ్నోత్తరములను ముందుగనే సేకరించి ‘డంపు’లను పేర విక్రయించు వ్యాపారము దాని విలువను హరించుచున్నది. వల్లించినవాడును, శ్రమించి నేర్చినవాడును ఒకే పత్రముతో ఇంటర్వ్యూకు వచ్చుచున్నారు. ఇందు నష్టపోవువాడు రెండవవాడే.

అట్టిచో నిర్వచనములడిగిన ప్రయోజనమేమి? ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనదని చెప్పగలిగినంతమాత్రమున నెవ్వడును లస్కరు కాజాలడు. శివారు పొలమునకు నీరందనపుడు, తూము తూమును పరీక్షించి అడ్డు కనుగొనువాడే లస్కరు. అట్లే చెడిన నెట్‌వర్కు నొకదానిని అభ్యర్థి ముందుంచవలెను. తీగను ముందు చూచునా, చిరునామానా, మార్గమునా? ఏల? ఈ క్రమమే వాని విద్యను వెల్లడించును. తెలియనిది తెలియదనుటను దోషముగా నెంచరాదు.

సిస్కోవారే 1993లో ఆరంభించిన సి.సి.ఐ.ఇ. పరీక్షయందు నేడు ఎనిమిది గంటలు పనిచేసి చూపవలసియున్నది. ఉద్యోగదాతలకు అరగంట చాలును. ఆ అరగంటయు వెచ్చింపనిచో, అప్పుచేసి చదివించిన తండ్రికి మిగులునది కాగితమే యని మా హెచ్చరిక.