బండనెక్కిన పిల్లలను దింపకండి

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉదయపు నడక ముగించి, తార్నాకలో తేనీరు సేవించి ఇల్లు చేరడం మా వృద్ధబృందానికి నిత్యవిధి. మొన్న అక్కడొక వాగ్యుద్ధం జరిగింది. కొండబండలకు బోల్టులు బిగించి, తాడు కట్టుకొని ఎగబాకే యువకుల ఛాయాచిత్రం ఒకటి పత్రికలో వచ్చింది. అది చూసి ఒక మిత్రుడు, "రాయికి మొక్కిన జాతి మనది. ఆ రాయికి తూట్లు పొడిచి ఎక్కడం ఏం సంస్కారమండీ? డబ్బున్నవాళ్ళ పిచ్చి కాకపోతే!" అన్నారు. తక్కినవారు తలలూపారు. నేను ఒంటరినయ్యాను. అక్కడ పూర్తి చేయలేకపోయిన సమాధానం ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, నిందించేవారు ఆ పనిని ఒక్కసారైనా చూశారా? నేను చూశాను. రెండేళ్ళ క్రితం మనవడి వెంట బాదామి వెళ్ళాను. నేను వెళ్ళింది మూడవ గుహలోని క్రీ.శ. 578 నాటి చాళుక్య శాసనం కోసం. వాడు వెళ్ళింది అక్కడి ఎర్రని ఇసుకరాతి గోడల కోసం. ఆ గోడ నిలువుగా కూడా లేదు, ఎక్కేవాడి మీదికి వంగి ఉంది. రెండు మూడు బారలకొక బోల్టు. ఎక్కేవాడు ప్రతి బోల్టుకూ కొక్కెం తగిలించి, అందులో తన తాడు వేసుకొంటూ పోవాలి. కింద ఒకడు ఆ తాడును కనిపెట్టుకొని ఉంటాడు. ఆ తాడు పైకి లాగదు. పడితే ఆపుతుంది, అంతే. ఎక్కవలసింది సొంత చేతులతో, సొంత కాళ్ళతో.

సగం దూరం పోయాక మనవడి చేతులు వణకడం కింది నుండి నాకు కనిపించింది. వంగిన గోడ మీద దేహభారమంతా వేళ్ళ మీద పడుతుంది. పట్టు బిగించినంతసేపూ ముంజేతి కండరాల్లోకి నెత్తురు సరిగా పారదు. ముంజేయి ఉబ్బి కట్టెలా బిగుసుకొంటుంది. చివరికి మనసు వద్దంటున్నా వేళ్ళు వాటంతట అవే తెరుచుకొంటాయి. వాడు పడ్డాడు. నాలుగైదు గజాలు జారి తాడున వేలాడాడు. నా గుండె ఆగినంత పనయింది. వాడు మాత్రం నవ్వి, "తాతయ్యా, మరీ గట్టిగా పట్టుకున్నాను, అదీ తప్పు" అన్నాడు.

నలభై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. 'పట్టువిడుపులు' అన్న మాటకు అంతటి వ్యాఖ్యానం నేనెన్నడూ చెప్పలేదు. మరుసటి ప్రయత్నంలో వాడు మోచేతులు చాచి, బరువు పాదాల మీదికి తెచ్చి, ఒక్కొక్క చేయి కిందికి వదిలి విదిలించుకొంటూ నెత్తుటిని మళ్ళీ పారనిచ్చాడు. ఉడుంపట్టు ఒక్కటే చాలదు, ఎప్పుడు సడలించాలో కూడా తెలియాలి. ఇది ఉన్మాదమైతే యోగాభ్యాసాన్ని ఏమనాలి?

ఇక తూట్ల సంగతి. బోల్టు కోసం తొలిచే రంధ్రం చిటికెనవేలంత వెడల్పు, వేలెడంత లోతు. ఆ గోడ నిండా అలాంటివి పదో పదిహేనో. దానికంటె కాస్త వెడల్పుగా, మరికొంత లోతుగా తొలిచి మందు కూరితే అదే కొండ మరునాటికి కంకర. మొదటి తూటు మీద అంత ధర్మాగ్రహం చూపినవారు రెండవ తూటు మీద ఒక్క మాటైనా అన్నారా? ఆ కంకరతో కట్టిన ఇళ్ళలోనే కూర్చొని బోల్టులను నిందిస్తున్నాం మనమందరమూ.

మిత్రుని మాటలో కొంత న్యాయం లేకపోలేదు. శాసనమున్న చోట, శిల్పమున్న చోట, పూజలందుకొనే రాతి మీద ఒక్క మేకు కూడా దిగకూడదు. మన హైదరాబాదు గ్రానైటు బండలలో చాలావాటికి ఆ అవసరమే లేదు. పొట్టి బండలను కింద దళసరి పరుపు వేసుకొని ఒట్టి చేతులతోనే ఎక్కవచ్చు. 250 కోట్ల ఏళ్ళ నాటి శిల అది. ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపించే ఆ బండలను ఎవరూ పేర్చలేదు. పగుళ్ళ వెంట నీరు, ఎండ అరగదీయగా మిగిలినవి. హబ్సిగూడ వైపు నాలుగడుగులు వేస్తే, 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. భూగర్భాన్ని శోధించే సంస్థను పొరుగున పెట్టుకొని, కంటి ముందరి రాయిని మనం చదవలేకపోతున్నాం.

డబ్బున్నవాళ్ళ పిచ్చి అన్నారు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలిచిన మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళయినా నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన గిరిజన బాలిక. సహచరుడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా గురుకుల విద్యార్థే. వారికి శిలారోహణంలో ఓనమాలు దిద్దించింది భువనగిరి బండ. ఆ బండ ఎవరినీ రుసుము అడగలేదు, కులమూ అడగలేదు.

ఇప్పుడొక నేరాంగీకారం. నేను పనిచేసిన ఒక ఊళ్ళో బడి వెనుక నల్లని గుట్ట ఉండేది. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు దాని మీదికి పాకేవారు. బెత్తం పుచ్చుకొని వాళ్ళను దింపినవాణ్ణి నేను. "బండవెధవల్లారా, బండలెక్కితే అన్నం పెడుతుందిరా?" అని అరిచినవాణ్ణీ నేనే. చూశారా, మొద్దుతనానికి మనం పెట్టుకొన్న పేరు కూడా బండే! కొన్నేళ్ళకు ఆ గుట్టను కంకరకు ఇచ్చారు. ఊళ్ళో ఒక్కరూ ఎదురు చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళను ఏనాడో నేనే దింపేశాను కదా!

ఆర్ట్స్ కళాశాల భవనం కూడా కొండను తొలిచిన రాయే కదా అంటారేమో. నిజమే. 1939లో ప్రారంభమైన ఆ భవనంలో రాయి ఇంకా రాయిగానే నిలిచి ఉంది, చేయి వేస్తే తగులుతుంది. రాయిని వాడుకోవద్దని నేననడం లేదు. పొడి చేసి మరిచిపోవడాన్ని తప్పంటున్నాను.

2025లో కంచ గచ్చిబౌలిలో యంత్రాలు దిగినప్పుడు ముందుగా అడ్డు నిలిచింది హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులే. ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానం పనులను ఆపించింది. ఆ నేల మీద తిరిగినవాళ్ళకే దాని విలువ తెలిసింది. కనుక అధికారులకూ, నావంటి ఉపాధ్యాయులకూ నా విన్నపం ఒక్కటే. ప్రాంగణాలలో మిగిలిన నాలుగు బండలను గోడ కట్టి దాచకండి. తెలిసిన శిక్షకుని పెట్టి, తాడూ పరుపూ ఇచ్చి, పిల్లలను ఎక్కనివ్వండి. అరచేతి తోలు ఒకసారి ఆ గరుకుకు ఒరుసుకుపోయినవాడు, రేపు ఆ రాతిని పేల్చడానికి ఎవరైనా వస్తే ఊరకుండడు.

మిత్రుడు రేపు కూడా తేనీటికి వస్తారు. ఈ మాటలే ఆయన ముందు చెబుతాను. ఆయన పట్టు ఆయనది. విడుపు కూడా నేర్చుకొంటారని ఆశ.