వీపున బరువు మోసే విమానాలు

మన పేట పిల్లలకు మీనంబాకంలో దిగే విమానాల పేర్లన్నీ కొట్టినపిండి. తల గోక్కునేదల్లా బూడిదరంగువి కనబడ్డప్పుడే. రంగు వదిలేసి వీపూ, తోకా చూడమంటాను నేను.

ఎదురొచ్చే క్షిపణిని దూరం నుంచే కనిపెట్టగలమా అని పరీక్షించడానికి అమెరికాలో ఒక బోయింగ్ 767 వీపున పొడుగాటి మూపురం కట్టారు. లోపల వేడిని పసిగట్టే పరికరం. అది 1987లో ఎగిరింది. మన అరక్కోణం నౌకాదళం వాళ్ల పి-8ఐ మాత్రం చూడ్డానికి మామూలు బోయింగ్ 737 లాగే ఉంటుంది. కిటికీల వరస ఉండదు, తోక చివర పుల్లలాంటిది పొడుచుకొస్తుంది. జలాంతర్గాములను వెతికేది అది.

అరక్కోణం అంటే ఇంకొకటి చెప్పాలి. ఇది జెట్ కాదు, పంకాలున్న పాత ఆవ్రో. శత్రువుల రాకను ముందే పసిగట్టాలని డీఆర్‌డీఓ వాళ్లు దాని వీపున పెద్ద పళ్లెంలాంటి రాడార్ గూడు బిగించి పరీక్షలు చేశారు. 1999 జనవరి 11న ఆ పళ్లెం గాల్లోనే ఊడింది. విమానం కూలి ఎనిమిదిమంది పోయారు: నలుగురు శాస్త్రజ్ఞులు, నలుగురు వాయుసేన వాళ్లు. పెరంబూరులో లోకల్ బండెక్కితే వచ్చే ఊరే కదండీ! కొత్త మిషను మొదటిసారి తిప్పేటప్పుడు పక్కన నిలబడేవాడి సంగతి మిల్లు ఇళ్లల్లో నేను చెప్పాలా?

ఆ పని అక్కడితో ఆగింది. ఏళ్ల తర్వాత ఎంబ్రేయర్ జెట్ మీద 'నేత్ర' తయారై 2017లో వాయుసేన చేతికొచ్చింది. దాని వీపున ఉన్నది తిరిగే పళ్లెం కాదు, కదలని దూలం.