విమానంలో అడిగే ప్రశ్న బస్సులో ఎందుకు అడగరు?

రాజంపేట నుంచి కువైట్ వెళ్లే మనవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. చెన్నై ఎయిర్‌పోర్టులో లగేజీ ఇచ్చేటప్పుడు ‘పవర్ బ్యాంక్ ఉందా?’ అని అడుగుతారు. ఉంటే తీసి చేతి బ్యాగులో పెట్టుకోమంటారు. లిథియం బ్యాటరీ సామాన్ల అరలో అంటుకుంటే పైనున్నవాళ్లకు వెంటనే తెలియదు, ఆర్పడమూ కష్టం. అదే మనిషి రాత్రిపూట ప్రైవేటు బస్సెక్కితే, తన సీటు కింద డిక్కీలో ఏ పార్సిళ్లున్నాయో ఎవరూ చెప్పరు.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ఏం జరిగిందో గుర్తుంది కదా. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న స్లీపర్ బస్సు రోడ్డు మీద పడి ఉన్న బైకును ఈడ్చుకుపోయింది. మంటలు లేచాయి. బస్సులోని 19 మంది కాలిపోయారు. అంతకుముందే బైకు జారిపడి దాన్ని నడిపిన యువకుడు కూడా చనిపోయాడు. డిక్కీలో 234 స్మార్ట్‌ఫోన్ల పార్సిల్ ఉందని, వాటి బ్యాటరీలు పేలడంతో మంట ఇంకా పెరిగిందని ఫోరెన్సిక్ నిపుణులు చెప్పినట్టు వార్తలొచ్చాయి. మంట మొదలవ్వడానికి ఫోన్లు కారణం కాకపోవచ్చు. కానీ నిద్రపోతున్న మనుషుల కింద ఆ సరుకు ఉందన్న సంగతి వాళ్లలో ఎవరికి తెలుసు?

అంతకుముందు 2021 మే 8న, రంజాన్ ఆఖరి రోజుల్లో, కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె ముగ్గురాళ్ల క్వారీలో మరో ఘోరం జరిగింది. వాహనంలో తెచ్చిన జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలాయి. 10 మంది చనిపోయారు. కూలి కోసం వెళ్లినవాళ్లు శవాలై ఇళ్లకు చేరారు.

ఒకటి ఫోన్ల పార్సిల్, ఇంకోటి పేలుడు పదార్థం. రెండూ ఒకటి కావు. కానీ రెండుచోట్లా సరుకు పంపినవాడు, దానితో లాభపడేవాడు దూరంగా ఉన్నారు. ప్రాణం పోయింది మాత్రం సరుకు పక్కన ఉన్నవాళ్లకు.

చట్టం లేక కాదు. కేంద్ర మోటారు వాహన నిబంధనలు 1989 ప్రకారం ప్రమాదకర సరుకు తీసుకెళ్లే లారీ మీద ప్రమాద గుర్తు, అత్యవసర ఫోన్ నంబర్ ఉండాలి. డ్రైవర్‌కు ప్రత్యేక శిక్షణ ఉండాలి. ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసిన ‘ట్రెమ్ కార్డు’ అతని దగ్గర ఉండాలి. సరుకు గురించి సరైన సమాచారం ఇవ్వాల్సింది పంపేవాడే. గ్యాస్ ట్యాంకర్ల మీద ఈ గుర్తులు కనిపిస్తాయి. బస్సు డిక్కీలో, క్వారీకి వెళ్లే చిన్న బండిలో ఏముందో చూసేదెవరు? ప్రమాదం జరిగిన వారం రోజులు తనిఖీలు, తర్వాత మళ్లీ మామూలే.

అధికారులు అడగాల్సింది పెద్దగా ఏమీ లేదు. బస్సు బయల్దేరే ముందే పార్సిళ్ల బిల్లు చూడాలి. బ్యాటరీల పెట్టెలను, గ్యాస్, రసాయనాలను ప్రయాణికుల బండిలో ఎక్కించనివ్వకూడదు. అబద్ధం రాసి పంపినవాడి మీద కూడా కేసు పెట్టాలి, డ్రైవర్‌తో సరిపెట్టకూడదు.

మనం చేయాల్సిందీ ఉంది. షాపు సరుకు తొందరగా చేరాలని ‘బట్టలు’ అని రాయించి బస్సులో వేయడం మనవాళ్లలోనూ ఉంది. సాటి ప్రయాణికుల ప్రాణం మన చేతిలో అమానత్. చెన్నై–కడప 716 హైవే మన ఊరి మీదుగానే పోతుంది. ట్యాంకర్ బోల్తా పడితే చూడ్డానికో, పెట్రోల్ పట్టుకోవడానికో పరుగెత్తవద్దు. 2017 జూన్ 25న, ఈద్‌కు ఒకరోజు ముందు, పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ జిల్లాలో అలా పెట్రోల్ పట్టుకోబోయి 200 మందికి పైగా చనిపోయారు. వంటగ్యాస్ (ఎల్పీజీ) లీకైతే అది గాలి కంటే బరువు కాబట్టి పల్లంలో నిలుస్తుంది. గాలికి ఎదురుగా, ఎత్తు వైపు వెళ్లండి. బండి స్టార్ట్ చేయవద్దు. దూరం వెళ్లాక 112కు గానీ 101కు గానీ ఫోన్ చేయండి.

ఈసారి టికెట్ తీసుకునేటప్పుడు ‘డిక్కీలో ఏముంది?’ అని ఒక్కమాట అడగండి. పదిమంది అడిగితే చెప్పక తప్పదు.