సముద్రపు ఒడ్డున ఒక ప్రశ్న

డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. 1971లో ఆ రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవుపై దాడి చేసిన సందర్భానికి గుర్తుగా ఆ రోజును పాటిస్తారు. దానికి కొద్దిగా అటూ ఇటూగా విశాఖపట్నంలో తూర్పు నౌకాదళం వారు కొన్ని యుద్ధనౌకలను సామాన్య ప్రజలు ఎక్కి చూసేందుకు తెరచి ఉంచడం పరిపాటి. మా అత్తగారిల్లు విశాఖ పాతనగరంలోనే. అయినా మూడేళ్ళుగా పిల్లలు అడుగుతుంటే నేను ఏదో ఒక సాకు చెప్పి దాటవేస్తూ వచ్చాను. పరీక్షలన్నాను, రద్దీ అన్నాను. అసలు కారణం వేరు. బురఖాతో సైనిక స్థావరం ద్వారం దగ్గర వరుసలో నిలబడితే ఎవరు ఎలా చూస్తారోనన్న సంకోచం. ఎవరూ నన్ను ఒక్క మాట అన్నది లేదు. వారు అనకముందే అన్నీ నేనే ఊహించుకున్నాను.

తీరా వెళితే, తెర చాటున ఒక మహిళా ఉద్యోగిని తనిఖీ చేసి, ఆధార్ కార్డు చూసి, "మెట్లు నిటారుగా ఉంటాయమ్మా, కొంగు జాగ్రత్త" అని మాత్రం అన్నది. మూడేళ్ళ భయం అంతటితో ముగిసింది.

ఆమె చెప్పిన మాట అక్షరాలా నిజం. యుద్ధనౌకలో మెట్లంటే మన ఇళ్ళలోని మెట్లు కావు, ఇనుప నిచ్చెనలనుకోవాలి. దిగేటప్పుడు ముందుకు చూస్తూ దిగరాదు, నిచ్చెన వైపు తిరిగి, రెండు చేతులతో పట్టుకుని దిగాలి. ప్రతి ద్వారానికీ అడుగున జానెడు ఎత్తున ఇనుప గడప ఉంటుంది. ఒక గదిలోకి నీరు చొరబడితే పక్క గదిలోకి పోకుండా తలుపును బిగించేందుకు ఆ ఏర్పాటు. వెళ్ళదలచిన సోదరీమణులు పాదాల వరకు జీరాడే బురఖా కాక కొంచెం పొట్టిగా ఉన్నదీ, జారని బూట్లూ ధరిస్తే మేలు. చంటిపిల్లలను ఎత్తుకుని ఆ నిచ్చెనలు ఎక్కడం సాహసమే. మొబైల్ ఫోన్లు, కెమెరాలు బయటే వదలవలసి రావచ్చు కనుక ఫొటోల మీద ఆశ పెట్టుకోకండి. ఏ రోజు, ఏ సమయంలో అనుమతిస్తారన్నది ఏటేటా మారుతుంది. స్థానిక పత్రికల్లో ప్రకటన చూసుకుని బయలుదేరడమే ఉత్తమం.

ఆ నిచ్చెన మీద సగంలో నా కాలు బురఖా అంచులో చిక్కుకుని తడబడ్డాను. పైనుండి మా అమ్మాయి నవ్వుతూ, "అమ్మీ, ఓడలు ఆడవాళ్ళకోసం కట్టలేదేమో!" అన్నది. అక్కడే డెక్కు మీద గాలికి నిలబడి ఆమెకు హజ్రత్ ఉమ్మె హరామ్ (రజి) గాథ చెప్పాను. దైవప్రవక్త (స) ఒకనాడు ఆమె ఇంట విశ్రమించి చిరునవ్వుతో మేల్కొన్నారు. తన అనుచర సమాజంలోని కొందరు సింహాసనాల మీద రాజుల్లా సముద్రంపై పయనించడం కలలో చూశానని తెలిపారు. తననూ వారిలో చేర్చమని అల్లాహ్‌ను వేడుకోండని ఆమె కోరింది. ఆయన దుఆ చేశారు. హజ్రత్ ఉమర్ (రజి) సముద్రయానం ప్రమాదకరమని దండయాత్రకు అనుమతించలేదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో అనుమతి లభించి ఓడలు సైప్రస్‌కు బయలుదేరినప్పుడు, ఉమ్మె హరామ్ తన భర్త ఉబాదా బిన్ సామిత్ (రజి) వెంట వాటిలో ఉన్నారు. ఆ దీవిలో వాహనం మీది నుండి పడి మరణించారు. లార్నాకా పట్టణం సమీపంలో ఆమె సమాధి ఉంది. మా అమ్మాయి కాసేపు సముద్రం వైపు చూసి, మిగిలిన మెట్లు నా కంటే ముందు ఎక్కేసింది.

మరునాడు రామకృష్ణా బీచ్‌లోని కురుసుర జలాంతర్గామికి వెళ్ళాము. దానికి డిసెంబరు కోసం వేచి ఉండనక్కర లేదు. 2002 నుండి అది మ్యూజియం. 1969లో సోవియట్ యూనియన్‌లో మన నౌకాదళంలో చేరి, 31 సంవత్సరాలు సేవ చేసి, 2001లో విరమించింది. పొడవు 91 మీటర్లు. వినడానికి పెద్దదే గాని లోపల అడుగు పెడితే ఊపిరి బిగుస్తుంది. ఏడు గదులు, గదికీ గదికీ మధ్య గుండ్రని కన్నం లాంటి ద్వారం, వంగి కాలు ముందు పెట్టి దూరాలి. ఇందులో సుమారు 75 మంది వారాల తరబడి నివసించేవారు. కొందరి పడకలు టార్పెడోల పక్కనే. నీటి అడుగున బ్యాటరీలతో నడిచేది. వాటిని మళ్ళీ నింపాలంటే డీజిల్ ఇంజన్లకు గాలి కావాలి గనుక పైకి రాక తప్పదు. మంచినీరు కొలత ప్రకారమే, స్నానం మాట మరచిపోవలసిందే. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయవద్దన్న ప్రవక్త (స) బోధను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఆ ఇరుకు వంటగది ముందు నిలబడ్డప్పుడు చెప్పవలసిన అవసరమే రాలేదు.

బయటికి వచ్చాక విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర ఆగాము. పన్నెండేళ్ళ మా అబ్బాయి అప్పుడు అడిగాడు, అదీ బిగ్గరగా: "అమ్మీ, ఘాజీ అన్నది మన మాటే కదా? అందులో మునిగిపోయిన వాళ్ళు ముస్లింలే కదా? ఇక్కడ నిలబడి మనం సంతోషపడాలా, బాధపడాలా?"

పక్కనున్న ఇద్దరు తిరిగి చూశారు. నేను వాడి చేయి నొక్కి, "ష్! ఇంటికి వెళ్ళాక" అన్నాను. వాడు మరి మాట్లాడలేదు. తరగతిలో ఎవరో సినిమా చూసి వచ్చి "మీ ఘాజీ" అని ఎగతాళి చేశారని దారిలో మెల్లగా చెప్పాడు. ఇన్నాళ్ళూ మాకు చెప్పనే లేదు. ప్రశ్న అడిగినందుకు వాడిని దోషిలా నిలబెట్టింది నేనే అన్న బాధ ఇంటికి చేరేదాకా వదలలేదు.

నా నాలుక చివర సిద్ధంగా ఉన్న జవాబులు లేకపోలేదు. పోర్చుగీసులను సముద్రంలో ఎదిరించిన కుంజాలి మరక్కార్ల పేరును మన నౌకాదళం ముంబయిలోని ఒక స్థావరానికి పెట్టుకున్నది. 1965లో పరమవీరచక్ర పొందిన అబ్దుల్ హమీద్ ఉండనే ఉన్నారు. అయితే ఎవరు ఏమడిగినా ఒక వీరుడి పేరును సాక్ష్యంగా చూపి బయటపడడం మనకు అలవాటైపోయింది. వాడు సాక్ష్యం అడగలేదు. తన మనసును ఏం చేసుకోవాలో అడిగాడు.

ఇషా నమాజు తర్వాత మా మామగారు వాడిని దగ్గర కూర్చోబెట్టుకున్నారు. 1971లో ఆయనకు ఇంచుమించు వీడి వయసే. అప్పుడూ ఇదే ఇల్లు. కిటికీలకు నల్లకాగితాలు అంటించి, దీపాలు ఆర్పి పడుకునేవారట. "డిసెంబరు 3 అర్ధరాత్రి దాటింది. పెద్ద శబ్దం. కిటికీలు అదిరాయి. మా అమ్మ నన్ను గుండెకు హత్తుకుని ఆయతుల్ కుర్సీ చదువుతూనే ఉంది. తెల్లవారి ఇల్లు నిలిచి ఉండడం చూసి షుక్రానా నమాజు చేసింది. ఘాజీ వచ్చింది విక్రాంత్ నౌక కోసం. అది ఇక్కడ లేదు, అండమాన్ వైపు ఉంది. కానీ మనం ఇక్కడ ఉన్నాం కదా బేటా! దాని మందుపాతరలకు మన వీధిలో ఎవరు నమాజు చేస్తారో తెలియదు."

కొంచెం ఆగి మళ్ళీ అన్నారు: "కొన్ని రోజులకు అందులో తొంభై మందికి పైగా చనిపోయారని తెలిసింది. అప్పుడు అదే అమ్మ ఏడ్చింది. వాళ్ళకూ తల్లులుంటారు అన్నది. డిసెంబరు 9న మన ఖుక్రీ నౌకను వాళ్ళు ముంచారు. 18 మంది అధికారులు, 176 మంది నావికులు. కెప్టెన్ ముల్లా ఓడను వదలకుండా దానితోపాటే వెళ్ళిపోయారు. దానికీ ఏడ్చింది."

ఘాజీ మన రాజ్‌పుత్ నౌక వదిలిన పేలుడు గుండ్లకు మునిగిందని మనవారు, తన లోపలి పేలుడుకో తాను పరచిన మందుపాతరలకో మునిగిందని పాకిస్తాన్ వారు చెబుతారు. అది ఇంకా విశాఖ సముద్రపు అడుగునే ఉంది. ఒక యూదుని శవయాత్ర వెళుతుంటే దైవప్రవక్త (స) లేచి నిలబడ్డారనీ, అతను యూదుడు కదా అని ఎవరో అంటే, అదీ ఒక ప్రాణమే కదా అన్న భావంతో బదులిచ్చారనీ మావారు గుర్తు చేశారు. శత్రువుతో తలపడాలని కోరుకోవద్దనీ, క్షేమాన్ని అడగమనీ ఆయన (స) నేర్పిన సంగతీ చెప్పారు. మా అబ్బాయి అన్నీ విని, "మరి స్కూల్లో ఏం చెప్పాలి దాదా?" అన్నాడు.

"ఆ శబ్దం మా దాదా విన్నాడని చెప్పు" అన్నారు మా మామగారు.

మరునాడు వాడు ఆయనను వెంటబెట్టుకుని మళ్ళీ బీచ్‌కు బయలుదేరాడు. ఆ గుండ్రని ద్వారాల్లో దూరడం ఆయన మోకాళ్ళ వల్ల కాదు. మనవడు లోపలికి వెళ్ళి వచ్చేదాకా గోడ మీద కూర్చున్నారట. వచ్చాక, ఆ రాత్రి శబ్దం ఏ దిక్కు నుండి వచ్చిందో సముద్రం వైపు చేయి చాచి వాడికి చూపించారట.