మట్టిలో దొరికిన అక్షరములు



మొన్న ఒక గ్రామములో కుటుంబ ప్రార్థనకు వెళ్లినపుడు, వాక్యము చదువుటకు బైబిలు అడిగాము. ఆ ఇంటి తల్లి అటక మీదనుండి గుడ్డలో చుట్టిన గ్రంథమును దించి, దుమ్ము దులిపి ఇచ్చింది. ఆమెను తప్పు పట్టుట లేదు. అయితే ఆ మూటను చూడగానే చెక్ దేశములోని ఒక చిన్న పల్లె మాకు జ్ఞాపకమునకు వచ్చింది.

ఆ పల్లె పేరు క్రాలిత్సె. యూరపు ఖండము నడుమ, సముద్రతీరము లేని చెక్ దేశమున, మొరావియా ప్రాంతములో ఉన్నది. బ్రనో నగరమునకు పడమరగా సుమారు 35 కిలోమీటర్ల దూరము. చుట్టూ మిట్టపల్లపు పొలములు, మధ్య మధ్య చిన్న అడవులు. ఆ ప్రాంతములో ప్రవహించే ఒస్లావా నది పేరు ఊరి పేరుకు తోడైనది. జనాభా సుమారు వెయ్యిమంది మాత్రమే. మన ప్రక్క ఊరంత అన్నమాట!

ఇంత చిన్న ఊరిని చెక్ ప్రజలందరు ఎరుగుదురు. ఎందుకో చూడండి.

1415లో యాన్ హుస్ అను బోధకుని సజీవదహనము చేశారు. ఆయన బోధను ప్రేమించినవారిలో కొందరు 1457లో కున్వాల్డ్ అను మరియొక పల్లెలో సహోదరుల సమాజముగా కూడుకొన్నారు. బోహేమియాలో 1508 నాటి రాజాజ్ఞ వారి కూటములను, పుస్తకములను నిషేధించింది. మొరావియాలో కొందరు ప్రభువులు వారికి ఆశ్రయమిచ్చారు. వారిలో యాన్ జెరోతీన్ ఒకడు. 1578లో సహోదరుల ముద్రణాలయము ఇవాంచిత్సె పట్టణమునుండి క్రాలిత్సెలో ఉన్న ఆయన చిన్న కోటకు రహస్యముగా చేరింది.

అప్పటికే యాన్ బ్లాహోస్లావ్ అను పండితుడు క్రొత్త నిబంధనను గ్రీకునుండి చెక్ భాషలోనికి తెచ్చి, 1564లో ప్రచురించాడు. ఆయన మరణించిన తరువాత హెబ్రీ, గ్రీకు భాషలు ఎరిగిన సహోదరులు పనిని కొనసాగించారు. 1579 నుండి 1594 వరకు ఆరు సంపుటములుగా బైబిలంతయు ముద్రింపబడింది. ముద్రించిన ఊరి పేరు మాత్రము గ్రంథముపై వేయలేదు. పని చేసినవారు పేరు కోరలేదు, ప్రాణభయము కూడ ఉన్నది.

1620లో శ్వేతపర్వత యుద్ధమున ప్రొటెస్టెంటులు ఓడిపోయారు. ముద్రణాలయము పోలండులోని లెష్నోకు తరలిపోయింది. అనేకులు దేశము విడిచారు. మిగిలినవారి ఇండ్లలో బైబిళ్లు వెదకి కాల్చివేశారు. అయినను పల్లెలలో కొన్ని కుటుంబములు గ్రంథమును దాచి, రాత్రివేళ తలుపులు మూసి పిల్లలకు చదివి వినిపించాయి. 1781లో చక్రవర్తి రెండవ యోసేపు సహన శాసనము ఇచ్చువరకు, అనగా 150 ఏండ్లకు పైగా, అలాగే సాగింది.

నేడు క్రాలిత్సెలో పరిశుద్ధ మార్టిన్ దేవాలయము, దాని ప్రక్కనే ఆ కోట పునాదులు కనబడును. 1956లో, కమ్యూనిస్టు ప్రభుత్వకాలముననే, వ్లాస్టా ఫియలోవా అను పురావస్తు పరిశోధకురాలు అక్కడ త్రవ్వకములు ప్రారంభించగా, వేలకొలది సీసపు అచ్చు అక్షరములు మట్టిలోనుండి బయటపడ్డాయి. గ్రంథముపై లేని ఊరి పేరుకు ఆ మట్టియే సాక్ష్యమిచ్చింది! ఇప్పుడు అక్కడ ఆ బైబిలు జ్ఞాపకార్థము ఒక ప్రదర్శనశాల ఉన్నది.

ప్రియులారా, వారు గ్రంథమును దాచినది చదువుటకొరకు. మనము దాచినది దేనికొరకు? మన తలుపు తట్టి గ్రంథమును లాగుకొనువారు ఎవరును లేరు. ఈ రాత్రి భోజనమునకు ముందు అటక మీది మూట దించండి. చదువు వచ్చిన బిడ్డచేత ఒక అధ్యాయము చదివించండి. చదువురాని అవ్వ, తాతలు వింటారు. వచ్చే నెల మేము మీ ఇంటికి వచ్చినపుడు దుమ్ము దులపవలసిన పని ఉండకూడదు సుమా!