తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదా?

హాస్టల్లో చదువుకున్న ప్రతివారూ ఎప్పుడో ఒకప్పుడు వినే మాట ఒకటుంది. సాంబారు నీళ్లలా ఉందనో, స్కాలర్‌షిప్పు నెలల తరబడి రాలేదనో, ఎండాకాలం బోరు ఎండిపోయి స్నానానికి నీళ్లు లేవనో నలుగురం కలిసి అడగబోతే పక్కనున్న పెద్దమనిషి ఎవరో అనేస్తాడు: "గవర్నమెంటు కూడు తింటా గవర్నమెంటునే నిలదీస్తారా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టే బుద్ధి ఎక్కడిదిరా మీకు?" ఆ మాటతో సగం మంది తల వంచుకుని గదుల్లోకి పోతారు. మిగతా సగం మంది కోపంతో అరుస్తారు. ఆ మాటకు ఈ రెండూ సమాధానాలు కావు.

సరైన సమాధానం ఏమిటని వెదికితే అది మాకు మన దేశ విదేశాంగ చరిత్రలో దొరికింది. విదేశాంగ విధానం అంటే ఢిల్లీ వాళ్ల వ్యవహారం, మనకెందుకని చాలామంది అనుకుంటారు. కానీ తిన్నింటి వాసాల మాటను ఒకప్పుడు ఒక పెద్ద దేశం మన దేశంతోనే అన్నది. అప్పుడు మన దేశం తల వంచుకుని పోలేదు, అరవనూ లేదు. ఏం చేసిందో మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు తెలుసుకోవాలని ఈ వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాం.

1954లో అమెరికా ఒక చట్టం చేసింది. దాన్ని అందరూ పి.ఎల్.480 అని పిలిచేవారు. తమ రైతుల దగ్గర మిగిలిపోయిన ధాన్యాన్ని డాలర్లు లేని దేశాలకు వాటి సొంత డబ్బుకే అమ్మడం అందులోని ఏర్పాటు. 1956లో మన దేశం ఆ ఒప్పందం చేసుకుంది. గోధుమలు వచ్చాయి, మైలో అనే ఎర్ర జొన్నా వచ్చింది. వాటికి మనం రూపాయలు చెల్లించాం. ఆ రూపాయలు ఇక్కడే అమెరికా ఖాతాలో పోగయ్యాయి. అంటే అది పూర్తిగా దానమూ కాదు, పూర్తిగా వ్యాపారమూ కాదు. ఊళ్లో మోతుబరి ఇంట్లో గింజలు తెచ్చుకుని తర్వాత తీర్చుకునే లెక్క లాంటిది. ఆ లెక్క ఎలాంటిదో సీమ పల్లెల్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గింజలిచ్చిన ఇంటి ముందు మన గొంతు పెగలదు.

భారత్, అమెరికా అప్పుడు ఒకే సైనిక కూటమిలో లేవు. మనది అలీన విధానం. అయినా స్నేహం గట్టిదే. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు అమెరికా మనకు ఆయుధాలు పంపింది. ఆకలి సమయంలో ధాన్యం పంపింది. ఈ రెండు మేళ్లనూ మరిచిపోవడం మర్యాద కాదు. ఆ స్నేహంలో ముల్లు ఎక్కడ పడిందంటే వియత్నాం దగ్గర. అక్కడ అమెరికా వేస్తున్న బాంబులను మన దేశం సమర్థించలేదు.

1965 ఏప్రిల్‌లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి అమెరికా పర్యటనను అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఉన్నట్టుండి వాయిదా వేశారు. పాకిస్తాన్ అధ్యక్షుడి పర్యటననూ అలాగే వాయిదా వేశారు. సెప్టెంబరులో భారత్-పాక్ యుద్ధం వచ్చింది, అమెరికా రెండు దేశాలకూ సాయం నిలిపింది. దానికి తోడు వాన మొహం చాటేసింది. 1964-65లో సుమారు 8 కోట్ల 90 లక్షల టన్నులు పండిన ఆహార ధాన్యాలు 1965-66లో సుమారు 7 కోట్ల 20 లక్షల టన్నులకు పడిపోయాయి. సోమవారం రాత్రి ఒక పూట భోజనం మానమని శాస్త్రి గారు దేశాన్ని కోరింది ఆ ఏడాదే.

1966లో సుమారు కోటి టన్నుల ధాన్యం బయటి నుంచి తెచ్చుకున్నాం. ఓడ దిగిన గింజ నేరుగా నోటికి పోవాల్సిన రోజులవి. అప్పటి కేంద్ర మంత్రివర్గంలో రవాణా, నౌకాయాన శాఖలు చూస్తున్నది మన అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారే. కరువు సీమ బిడ్డ ఓడల శాఖకు మంత్రి, దేశం ఓడల కోసం ఎదురుచూస్తున్నది!

ఆ ఏడాది మార్చిలో ఇందిరాగాంధీ వాషింగ్టన్ వెళ్లారు. మంచి మర్యాద జరిగింది, సాయం మాట ఇచ్చారు. జూన్‌లో మన రూపాయి విలువ తగ్గించాం. డాలరుకు 4 రూపాయల 76 పైసలు ఉన్నది 7 రూపాయల 50 పైసలైంది. జూలైలో ఆమె మాస్కో వెళ్లినప్పుడు వియత్నాంపై బాంబు దాడులు ఆపాలని రెండు దేశాలూ కలిసి ప్రకటించాయి. జాన్సన్‌కు కోపం వచ్చింది. ఆయన అప్పటికే ధాన్యాన్ని ఏడాదికి సరిపడా ఒప్పుకోకుండా, నెలకింత అని తానే చూసుకుని వదిలే పద్ధతి పెట్టుకున్నారు. మాస్కో ప్రకటన తర్వాత ఆ చేయి ఇంకా బిగిసింది.

ఆ పద్ధతి వెనక కోపం ఒక్కటే లేదు. అమెరికా నిల్వలు తగ్గుతున్నాయి. భారత్ తన వ్యవసాయాన్ని బాగుచేసుకోవాలన్న ఒత్తిడీ ఉంది. కానీ మాట విననివాడి కంచం ఆలస్యం చేయవచ్చన్న ఆలోచన కూడా అందులో ఉంది. అప్పట్లో ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్న చెస్టర్ బౌల్స్ ఒక సంగతి రాసుకున్నారు. వియత్నాం గురించి పోప్, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ అంటున్నదే భారత్ అంటున్నదని ఆయన తమ ప్రభుత్వానికి చెబితే, వాళ్లిద్దరికీ మన గోధుమలు అక్కర్లేదు కదా అన్న అర్థంలో జవాబొచ్చిందట. మిత్రులారా, తిన్నింటి వాసాల సామెతకు వాషింగ్టన్ భాషలో రూపం ఇదే.

మన దేశం ఏం చేసింది? అమెరికాతో తెగతెంపులు చేసుకోలేదు, రాయబారిని వెనక్కి పంపలేదు. వచ్చిన గింజను తీసుకుంది, ఇచ్చినవాళ్లకు కృతజ్ఞత చెప్పింది. వియత్నాం విషయంలో తన మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఒకవైపు ఇదంతా సాగుతుండగానే ఇంకోవైపు పొలంలో పని మొదలుపెట్టింది. 1965 జనవరిలో ఆహార సంస్థ ఏర్పడింది. ఆ నవంబరులో వ్యవసాయ మంత్రి సి.సుబ్రహ్మణ్యం రోమ్‌లో అమెరికా మంత్రి ఆర్విల్ ఫ్రీమన్‌తో కూర్చుని వ్యవసాయ మార్పులపై ఒప్పందం చేసుకున్నారు. 1966లో మెక్సికో నుంచి 18 వేల టన్నుల గోధుమ విత్తనం తెప్పించారు. 1967-68 నాటికి దిగుబడి 9 కోట్ల 50 లక్షల టన్నులకు చేరింది. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన అమెరికా తన యుద్ధనౌకలను బంగాళాఖాతంలోకి పంపినప్పుడు, గోధుమ ఓడను ఆపి మన చేయి విరిచే వీలు వాళ్లకు లేకపోయింది. రాయితీ ధాన్యం దిగుమతికి మన దేశం స్వస్తి చెప్పింది కూడా ఆ ఏడాది చివర్లోనే.

అంత గొడవ తర్వాత కూడా స్నేహం చచ్చిపోలేదు. పోగుపడిన రూపాయల లెక్క తేల్చుతూ 1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి మన ప్రభుత్వానికి 1,664 కోట్ల రూపాయల చెక్కు ఇచ్చారు. మాట తేడా వస్తే స్నేహం పోతుందని భయపడేవాళ్లు ఈ చెక్కును గుర్తుంచుకోవాలి.

ఇంకో వైపు కూడా చెప్పాలి. 1968 ఆగస్టులో సోవియట్ సైన్యం చెకోస్లోవేకియాలోకి దూరినప్పుడు భద్రతా మండలిలో మన దేశం ఓటు వేయకుండా ఊరుకుంది. అది నచ్చక అశోక్ మెహతా కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఒక మిత్రుడి తప్పును ఎత్తి చూపిన మనమే ఇంకో మిత్రుడి తప్పు దగ్గర నోరు నొక్కుకున్నాం. స్నేహానికి మౌనం కూడా ఒక ధరే. ఆ ధర ఎవరికి కట్టినా చిన్నబోయేది మనమే.

ఇదంతా పాత కథ అనుకుంటే పొరపాటు. వ్యూహాత్మక భాగస్వాములమని చెప్పుకునే ఇదే రెండు దేశాల మధ్య 2025 ఆగస్టులో రష్యా చమురు దగ్గర తేడా వచ్చింది. మన సరుకులపై అమెరికా వేసిన అదనపు సుంకం 50 శాతానికి చేరింది. కోస్తాలో రొయ్యల రైతు గుండె గుభేలుమంది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించగానే బ్యాంకు లోను తెచ్చి పిల్లలను పంపిన ఎన్నో తెలుగు ఇళ్లలో నిద్ర కరువైంది. సుంకాలు పెరుగుతుంటాయి, తగ్గుతుంటాయి. విదేశాంగ విధానం మనకెందుకు అనే మాటకు మాత్రం కాలం చెల్లింది.

ఈ సంగతి బాబాసాహెబ్ అంబేద్కర్ ఎప్పుడో చూశారు. 1951 అక్టోబరులో కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేసినప్పుడు ఆయన చెప్పిన కారణాల్లో విదేశాంగ విధానం ఒకటి. మిత్రులు దూరమవుతున్నారని, 350 కోట్ల రాబడిలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని లెక్క చెప్పారు. విదేశాంగ విధానం మంచిచెడ్డలను పేదవాడి కంచంలో కొలిచి చూపిన మనిషి ఆయన. అదే అంబేద్కర్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో అమెరికాకు చదువుకు వెళ్లారు. స్కాలర్‌షిప్పు తీసుకున్నాను కాబట్టి అంటరానితనం గురించి మాట్లాడకూడదని ఆయన అనుకుని ఉంటే మనకీ హాస్టళ్లు ఉండేవా?

ఇప్పుడు మన అనంతపురానికి వద్దాం. దేశం తన తిండి తాను పండించుకుంది, సంతోషమే. కానీ ఆ పచ్చదనం కాలువ ఉన్న చోటనే పెరిగింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన మెట్ట నేలల దాకా రాలేదు. కొర్ర, సజ్జ, జొన్న పండిన చేలల్లో వేరుశనగ వేశాం. నూనె మార్కెట్టు కోసం పండించి, బియ్యం మాత్రం స్టోరులో తెచ్చుకుంటున్నాం.

పి.ఎల్.480 గోధుమలతో వచ్చిందని జనం చెప్పుకునే వయ్యారిభామ కలుపు ఇంకా మన గట్ల మీదే ఉంది. అది నిజంగా ఆ గోధుమలతోనే వచ్చిందా అన్న దానిపై శాస్త్రజ్ఞుల్లో ఏకాభిప్రాయం లేదు. కానీ 2000 సంవత్సరంలో మన జిల్లా వేరుశనగను ఒక వైరస్ తెగులు ఎండబెట్టినప్పుడు, ఆ వైరస్‌కు ఆశ్రయమిచ్చింది ఈ వయ్యారిభామేనని పరిశోధకులు తేల్చారు. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. తిండి కోసం బయట చూసే దేశానికి ఎదురైన చిక్కే, తిండి కోసం బయట చూసే జిల్లాకూ ఎదురవుతుంది.

2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ప్రతిపాదించింది మన దేశమే. ఆ సెప్టెంబరులో ఢిల్లీలో జి-20 సమావేశానికి వచ్చిన దేశాధినేతలకు చిరుధాన్యాల వంటకాలు వడ్డించారు. మన అవ్వలు పేదరికానికి గుర్తని సిగ్గుపడ్డ కొర్రన్నం, జొన్నరొట్టె దౌత్యానికి పనికొచ్చాయి. మరి మన హాస్టల్ మెనూకు ఎందుకు పనికిరావు? వారానికి రెండు పూటలైనా మన జిల్లా రైతు పండించిన కొర్రలు, జొన్నలు, రాగులు మద్దతు ధరకు కొని హాస్టళ్లలో వండాలన్నది మా కోరిక. పిల్లల ఒంటికి బలం, మెట్ట రైతుకు ఆసరా.

ఇక మొదటి మాటకు సమాధానం. మా ఇళ్లల్లో డిగ్రీ చూసిన మొదటి తరం మేము. ఈ హాస్టల్ అన్నం లేకపోతే పదో తరగతి దాటకుండా కూలికి పోయేవాళ్లం. ఆ సంగతి ఎన్నటికీ మరిచిపోం. వంటమనిషి అక్క నుంచి వార్డెన్ సారు దాకా మా కోసం కష్టపడినవాళ్లకు దండం పెడతాం. కానీ ఈ అన్నం ఎవరి ఇంటి నుంచో వచ్చిన భిక్ష కాదు. బలహీన వర్గాల చదువును ప్రత్యేక శ్రద్ధతో చూసుకోమని రాజ్యాంగం 46వ అధికరణంలో ప్రభుత్వానికి చెప్పింది. అగ్గిపెట్టె మీద కూడా పన్ను కట్టే మా అమ్మానాన్నల సొమ్మూ ఇందులో ఉంది. ఓడల కోసం ఎదురుచూసిన రోజుల్లో కూడా దేశం తన మాటను తాకట్టు పెట్టకుండా ఉండగలిగితే, సొంత హక్కు తింటున్న మనం ఎందుకు తాకట్టు పెట్టాలి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! దేశం చేసిన మూడు పనులు మనమూ చేద్దాం. మేలు చేసినవాళ్లకు కృతజ్ఞత చెబుదాం. తప్పు కనిపిస్తే మర్యాదగా, లెక్కలతో, కలిసికట్టుగా అడుగుదాం. అడిగి ఊరుకోకుండా రేపు ఎవరి మీదా ఆధారపడని విధంగా చదువులో కష్టపడదాం. ఈసారి ఎవరైనా తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నారా అంటే ధైర్యంగా చెప్పండి: "అవును, లెక్కపెడుతున్నాం. ఇది మా ఇల్లే. ఏ వాసానికి చెద పట్టిందో మేము చూడకపోతే రేపు కప్పు కూలేది మా తర్వాత వచ్చే పిల్లల మీదే."