పలకకు రెండు వైపులు

మార్కాపురపు పలకమీద ఓనమాలు దిద్దుకొనిన పెద్దలు తెలుగునాట నెందఱో కలరు. కొండగర్భమునుండి రాతిని పెకలించి, పొరలుగా చీల్చి, నునుపు చేసి, కొయ్యచట్రము బిగించి, పరుల బిడ్డల చేతికి చదువు నందించిన సీమ యది. ఆ రాతిధూళిని పీల్చిన కూలివాని బిడ్డయే నేడు కళాశాల వాకిట నిలిచి, "ఇంగ్లీషు ప్రధానవిషయముగా బి.ఏ. చదివిన నాకేమి బ్రదుకుతెరువు దొరకును?" అని యడుగుచున్నాడు. మార్కాపురమున, గిద్దలూరున, కంభమున, యఱ్ఱగొండపాలెమున వినవచ్చు ప్రశ్న యిదియే. దీనికి సూటిగా సమాధాన మియ్యక తప్పించుకొనుట మన విద్యాధికారుల కలవాటై పోయినది.

సలహాదారులు మాత్రము రెండు తెగలుగా లేచియున్నారు. ఒక తెగవారు, ఇంగ్లీషు పట్టమొక్కటి చేత నున్న చాలును, బెంగుళూరు మొదలు అమెరికా వఱకు తలుపులన్నియు తామే తెఱచుకొను నందురు. రెండవ తెగవారు, సాహిత్యము చదివినవానికి కూడు లేదనియు, ఇంజనీరింగు కానిది చదువే కాదనియు వెక్కిరింతురు. మొదటిది బేరగాని మాట. రెండవది పిఱికివాని మాట. సత్య మీ యిరువురి యొద్దను లేదు.

ఇంగ్లీషు చదివినవానికి గల త్రోవలు దాచవలసినవి కావు. డిగ్రీలో ఆ భాషను చదివి బి.ఎడ్. ముగించినవాడు డి.ఎస్.సి. మూలమున ఉన్నత పాఠశాలలో స్కూలు అసిస్టెంటు కావచ్చును. ఎం.ఏ.లో నూటికి 55 మార్కులు, రిజర్వేషను గలవారైనచో 50 మార్కులు, సంపాదించి, నెట్ పరీక్షలో గెలిచినవాడు కళాశాలలో అసిస్టెంటు ప్రొఫెసరు పదవికి అర్హు డగును. ఆ పరీక్షయందే జె.ఆర్.ఎఫ్. దక్కినచో పరిశోధనకు నెలనెల భృతి దొరకును. సివిల్ సర్వీసు పరీక్షలో ఇంగ్లీషు సాహిత్యమును ఐచ్ఛికవిషయముగా గైకొనవచ్చును. న్యాయవాదవృత్తి, పత్రికారచన, పుస్తకప్రచురణ, అనువాదము ఉండనే యున్నవి. పదవులు కొద్ది, అభ్యర్థులు పెక్కండ్రు అనుట నిజము. కాని యే విద్యకు మాత్ర మా మాట నిజము కాదు?

అయిన నీ త్రోవల మొగసాలలో నొక కావలివాడు నిలిచి యున్నాడని పిల్లలకు చెప్పువారు లేరు. ఆ కావలివాడు తెలుగే. సివిల్ సర్వీసు మెయిన్సులో 300 మార్కుల ఇంగ్లీషు పత్రముతోపాటు 300 మార్కుల భారతీయభాషాపత్రము నున్నది. రెంటను గట్టెక్కక ముందునకు సాగుట లేదు. రాష్ట్రపు గ్రూపు-1 మెయిన్సునందును తెలుగు, ఇంగ్లీషు రెండును గట్టెక్కవలసిన పత్రములే. 2016 సివిల్ సర్వీసు పరీక్షను తెలుగులో వ్రాసి దేశమున మూడవస్థానము నందిన రోణంకి గోపాలకృష్ణ శ్రీకాకుళము జిల్లావాడు. 2019 నుండి సర్వోన్నత న్యాయస్థానము తన తీర్పులను ప్రాంతీయభాషలలోనికి మార్పించుచున్నది. తెలుగు వానిలో నొకటి. నేడు యంత్రములు క్షణములో అనువాదపు చిత్తుప్రతిని తీయగలవు, కాదనము. కాని తీర్పులో నొక్క క్రియాపదము తలక్రిందైన చాలును, పేదవాని పొలము పరులపాలగును. ఆ తప్పును పట్టుటకు రెండు భాషల లోతు నెఱిగిన మనుష్యుడే కావలెను. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవా డీ పనికి పనికిరాడు. తెలుగు మాత్రమే వచ్చినవాడును పనికిరాడు.

ఈ సీమను 1970 లో కర్నూలు జిల్లానుండి విడదీసి ఒంగోలుతో గలిపిరి. 1972 లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశము పంతులు పేరు పెట్టిరి. పేరు పెట్టినవారు ఆయన బ్రదుకును చదివిరా? ఒంగోలున పూటకూళ్లిల్లు నడిపిన తల్లికి బిడ్డడై, ఇంగ్లండునకు బోయి బారిస్టరై, మదరాసున ధనరాసుల నార్జించిన యా మహనీయుడు, 1921 లో ఆ వృత్తిని కాలదన్ని 'స్వరాజ్య' పత్రికను స్థాపించెను. అది ఇంగ్లీషునను, తెలుగునను, తమిళమునను వెలువడెను. దొరలకు తెలియవలసినది దొరల భాషలో, జనులకు తెలియవలసినది జనుల భాషలో! ఇంగ్లీషు ఆయనకు ఆయుధ మయ్యెను గాని యజమాని కాలేదు.

మఱి మన యేలికలు చేసిన దేమి? 2019 నవంబరులో ప్రభుత్వపాఠశాలలను ఆంగ్లమాధ్యమమునకు మార్చుట కుత్తరువు పుట్టెను. 2020 ఏప్రిలులో రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివైచెను. 2021 లో డిగ్రీ చదువులన్నియు ఆంగ్లమాధ్యమముననే యుండవలెనని మరల నిర్ణయించిరి. ఇంగ్లీషు కోరిన తలిదండ్రులను మేము నిందింపము. సంపన్నుని బిడ్డకు దొరకిన భాష తన బిడ్డకును దొరకవలెనని కూలివాడు కోరుట న్యాయమే. ఆ న్యాయమైన కోర్కెను జూపి వాని చేతిలో బెట్టిన దేది యనునదే మా ప్రశ్న. ఇంగ్లీషు నేర్పుట వేఱు. ఇంగ్లీషులో చరిత్రను, గణితమును అర్థముగాకుండ చదివించుట వేఱు. ఈ రెంటిని ఒక్కటిగా జూపుటయే మహామోసము.

ఆ మోసమునకు విశ్వవిద్యాలయములు ముద్ర వేయుచున్నవి. షేక్స్పియరు నాటకమును తెఱచి చూడకయే గైడుపుస్తకములోని సంగ్రహమును బట్టీపట్టి ప్రథమశ్రేణి తెచ్చుకొనవచ్చును. అట్టి పట్టభద్రుడు ఒక కార్యాలయమునకు ఇంగ్లీషున లేఖ వ్రాయలేక, తెలుగున దరఖాస్తు వ్రాయలేక తల వంచుకొనును. దోషము వానిదా? భాషను భాషగా నేర్పుట కుపాధ్యాయులను సిద్ధపఱచుటకే 1958 లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లసంస్థ వెలసినది. 2007 నుండి అది కేంద్ర విశ్వవిద్యాలయమై యున్నది. ఆ విద్య నల్లమల యంచుననున్న పల్లెకు ఏనాడు చేరును? ఒంగోలున ఆంధ్రకేసరి పేర విశ్వవిద్యాలయ మున్నది. గిద్దలూరు పిల్లకు ఒంగోలు నూరు కిలోమీటర్లకు మించిన దూరము.

కావున మేము కోరునవి గొంతెమ్మకోర్కెలు కావు. ఇంగ్లీషు ప్రధానముగా చదువు ప్రతి విద్యార్థికిని తెలుగు-ఇంగ్లీషు అనువాదము విధిపత్రము కావలెను. బట్టీ ప్రశ్నలు పోయి, చూడని పాఠమును చదివి వ్రాయు పరీక్ష రావలెను. పశ్చిమ తాలూకాల కళాశాలలలో ఖాళీలు నింపి, పుస్తకశాలలు తెఱచి, ఆడపిల్లలకు వసతిగృహములు కట్టవలెను. ఇవి లేక 'ఉద్యోగావకాశము'లని పత్రములు పంచుట, నీరు లేని చెఱువునకు తూము కట్టుట వంటిది.

యువకులారా, యువతులారా! ఇంగ్లీషు చదువుడు, గట్టిగా చదువుడు, దానిలోని మహాకవులను గైడుల చాటున గాక ముఖాముఖిగా గలిసికొనుడు. కాని యెవడైన వచ్చి, ఇంగ్లీషు వ్రాయుటకు తెలుగును చెఱిపివేయు మని చెప్పినచో, మీ తండ్రి చేసిన పలకను వాని ముందు పెట్టుడు. దానికి రెండు వైపులు కలవు. రెండు వైపులను వ్రాయవచ్చును.